ఒకే గుమ్మం, రెండు దరఖాస్తులు

బ్యాంకులో పనుందని చెప్పి రూబీ మొగల్తూరులో బస్సెక్కింది. నర్సాపురంలో స్త్రీల సమాజం మీటింగుందని చెప్పి ఆమె అత్తగారు బేబి అంతకు గంట ముందే ఇల్లు దాటింది. ఇద్దరూ చెప్పింది అబద్ధమే. ఆ రెండు అబద్ధాలూ భీమవరం రోడ్డులో ఒకే కప్పు కింద ఎదురుపడ్డ చోట పోయినవారం ఆగాం.

ఆ కప్పు వశిష్ఠ ఆటో పార్ట్స్ వాళ్ళ కొత్త షెడ్డుది. ఇంకా రంగు వాసన పోలేదు. కారులో ముందు దీపాల నుంచి వెనక దీపాల దాకా పాకే వైర్ల కట్టలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీకి ఇన్నాళ్ళూ ఉన్నది ఒక్క షెడ్డు, నూట అరవై మంది పనివాళ్ళు. ఇప్పుడు దాని పక్కనే రెండింతల షెడ్డు లేచింది. మూడు వందల మంది ఆడవాళ్ళని తీసుకుంటామని గేటు దగ్గర బోర్డు పెట్టేసరికి చుట్టుపక్కల మండలాల నుంచి నాలుగు వేల దరఖాస్తులు వచ్చి పడ్డాయి. అందులో ఏరిన వాళ్ళకి ఈ శుక్రవారం వేళ్ళ పరీక్ష.

తన నెంబరున్న బల్ల ముందు కూచున్న రూబీ తలెత్తింది. ఎదుటి వరసలో రెండో బల్ల దగ్గర, చర్చికి కట్టుకునే నీలం చీరలో, బేబి.

అత్తగారి మొహంలో కంగారు కనిపిస్తుందనుకుంది రూబీ. కోపమైనా కనిపిస్తుందనుకుంది. బేబి మాత్రం కళ్ళు పెద్దవి చేసి, గొంతు పైకి రాకుండా పెదవులతోనే అడిగింది.

“పిల్లేదీ?”

“రత్తమ్మగారి దగ్గర,” అంది రూబీ, తనూ పెదవులతోనే. రత్తమ్మ పక్కింటావిడ. మూడేళ్ళ ఆశాజ్యోతికి తల్లి దగ్గరా నాయనమ్మ దగ్గరా సాగని గారం ఆవిడ దగ్గరే సాగుతుంది.

బేబి గుండెల మీద చెయ్యేసుకుని ఊపిరి వదిలింది.

“మాట్లాడుకోకూడదండీ. ఎవరి బల్ల వాళ్ళు చూసుకోండి,” అంది బల్లల మధ్య తిరుగుతున్న హరిచందన. ముప్ఫై ఏళ్ళుంటాయి. అమలాపురం అమ్మాయి. ఉద్యోగాల్లోకి మనుషుల్ని తీసుకునే పనంతా ఆమెదే. మెడలో కార్డు, చేతిలో స్టాప్‌వాచీ, ప్రతి మాట చివరా అండీ. “మీ ముందున్న డబ్బాకి ఇరవై నాలుగు కన్నాలున్నాయి. రంగు రంగుల వైర్లు ఇరవై నాలుగు. ఏ వైరు ఏ కన్నంలోకి వెళ్ళాలో కాగితం మీద బొమ్మ వేసుంది. దూర్చాక కట్టంతా టేపుతో చుట్టాలి. నాలుగు నిమిషాలు. మొదలుపెట్టండి.”

బొమ్మ చూడగానే రూబీకి అర్థమైంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ రెండో ఏడాది దాకా చదివిన పిల్ల. ఇలాంటివి ఎన్ని గీసిందో! కానీ బొమ్మ అర్థమైనంత వేగంగా వేళ్ళు కదలడం లేదు. సన్నటి వైరు కన్నం దాకా వెళ్ళి పక్కకి ఒరిగిపోతోంది. మధ్యలో రెండుసార్లు కళ్ళు ఎదుటి వరసకి వెళ్ళిపోయాయి.

బేబి బొమ్మని ఒక్కసారే చూసింది. లేసు అల్లేముందు కొత్త నమూనా చూసినట్టు, తల కొంచెం పక్కకి వాల్చి చూసింది. ఆ తర్వాత ఇక కాగితం వైపు చూడలేదు. పద్నాలుగో ఏట లేసు సూది పట్టుకున్న చేతులవి. ఈ ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వేల పువ్వులు అల్లాయో ఆమెకే లెక్క లేదు. ఎడమచేతి వేళ్ళు వైర్లని విడదీస్తున్నాయి, కుడిచేతి వేళ్ళు దూరుస్తున్నాయి. ఏ వైరూ ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

హాల్లో సగం మంది ఇంకా పదో కన్నం దగ్గరుండగానే బేబి చెయ్యెత్తింది.

హరిచందన స్టాప్‌వాచీ చూసుకుంది. కట్టని తిప్పి చూసింది. ఒక్కో వైరూ లాగి చూసింది. మళ్ళీ స్టాప్‌వాచీ చూసింది.

“ఇంతకుముందు ఎక్కడైనా ఈ పని చేశారాండీ?”

“లేదమ్మా. లేసు అల్లుతాను.”

“చాలా బావుందండీ. రెండు నిమిషాల పది సెకన్లు. పాత షెడ్డులో నాలుగేళ్ళుగా చేస్తున్నవాళ్ళ టైమిది.”

అప్పుడు చూసింది రూబీ అత్తగారి మొహం. తను ఆ ఇంట్లో అడుగుపెట్టి నాలుగేళ్ళయింది. ఆశాజ్యోతిని గుడ్డలో చుట్టి చేతికిచ్చిన రోజు తర్వాత మళ్ళీ ఇవాళే ఆ మొహం అలా వెలగడం. కూచున్న చోటే నడుం నిటారుగా అయింది. కొంగు సర్దుకుంది. పెదవి బిగబట్టింది, నవ్వు బయటికి రాకుండా.

రూబీ చివరి వైరు దూర్చి టేపు చుట్టేసరికి మూడున్నర నిమిషాలయింది.

పన్నెండున్నరకి గోడ మీద జాబితా అంటించారు. గుంపులో దూరి చూడ్డానికి ఇద్దరికీ ధైర్యం చాలక, ఎవరికి వాళ్ళు వెనక నిలబడ్డారు. ముందున్నావిడ ఎవరో గట్టిగా చదివింది. మొదటి పేరు బేబి, మొగల్తూరు. పదిహేడో పేరు రూబీ, మొగల్తూరు.

సంతోషించడానికి అర నిమిషం కూడా దొరకలేదు. హరిచందన ఇద్దర్నీ తన గదికి పిలిచింది.

“మీ ఇద్దరూ ఏమవుతారండీ?” అంది రెండు దరఖాస్తులూ పక్కపక్కన పెట్టి. “రెండిట్లోనూ డోర్ నెంబరు మూడు బై నలభై ఒకటి.”

“నా కోడలమ్మా,” అంది బేబి.

“అత్తయ్యండీ,” అంది రూబీ అదే క్షణంలో.

హరిచందన నవ్వబోయి ఆపుకుంది. “పాపం, రూల్ మీకు తెలిసే ఉంటుంది. షెడ్డు కట్టేటప్పుడే ఊళ్ళవాళ్ళందరూ అడిగి పెట్టించిన రూలది. ఒక గుమ్మానికి ఒక్క ఉద్యోగం. ఎక్కువ ఇళ్ళకి అందాలని. మీ ఇద్దరి పేర్లూ ఒకేసారి వస్తాయని నేననుకోలేదు. భోజనం చేసి రెండింటికి రండి. ఎవరు చేరతారో మీరే చెప్పండి. కాగితాలు అప్పుడు చూస్తాను.”

బయట, పాత షెడ్డు వెనక, సైకిళ్ళు పెట్టుకునే రేకుల పంచ ఉంది. దాని చివర సిమెంటు దిమ్మ మీద ఇద్దరూ కూచున్నారు. పక్క రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు చప్పుడు చేస్తూ నీళ్ళు చిమ్ముతున్నాయి.

బేబి సంచిలోంచి క్యారేజీ తీసింది. రూబీ కూడా తీసింది. మూతలు తీసేసరికి రెండిట్లోనూ అదే చింతచిగురు రొయ్యల కూర.

“పొద్దున్న గిన్నెలో కూర సగానికి దిగిపోతే పిల్లి ముట్టిందేమో అనుకున్నాను,” అంది రూబీ.

“పిల్లి ముట్టిన కూర పట్టుకొచ్చావా?”

“మిగిలిందాన్ని ఇంకో సగం చేశానండీ. మధ్యాహ్నానికి మావయ్యగారికి ఉందో లేదో.”

బేబికి నవ్వాగలేదు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ మళ్ళీ నవ్వింది. రూబీ కూడా నవ్వింది. బేబి భర్త రాజరత్నం భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. శుక్రవారం ఒంటిగంటకల్లా ఇంటికొస్తాడు. గిన్నె మూత తీసి, అడుగున నాలుగు రొయ్యలు చూసి, ఎవరూ లేని ఇంట్లో ఆయన ఏమనుకుని ఉంటాడో తల్చుకునేసరికి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

నవ్వు అయిపోయాక బేబి తేలిగ్గా అంది. “సరేలే. నువ్వు చేరు రూబీ. నేనేదో చూద్దామని, సరదాకి వచ్చాను.”

రూబీ ముద్ద గిన్నెలోకే వదిలేసింది.

“సరదాకా?”

“ఆ. రత్తమ్మ కూతురు ఫారం తెచ్చింది. ఒకటి ఎక్కువుంది. నింపి పడేశాను.”

“స్త్రీల సమాజమని అబద్ధం చెప్పి, చర్చి చీర కట్టుకుని, ఏడింటి బస్సెక్కి, సరదాకి వచ్చారా అత్తయ్యా?”

“మరి నువ్వు బ్యాంకని చెప్పలేదా?”

“చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా చెప్తాను. మీరు ముందు చెప్పండి.”

“చెప్పడానికేముంది? చిన్నదానివి, చదువుకున్నదానివి. నీకొస్తే బావుంటుంది. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇప్పుడు ఉద్యోగమేంటి? ఇంట్లో కూచుని పిల్లని చూసుకుంటూ రెండు పువ్వులు అల్లుకుంటాను.”

ఆ మాటలు వినడం రూబీకి కొత్త కాదు. పెద్ద చేప ముక్క ఎప్పుడూ కోడలి కంచంలోకే వచ్చేది. పండక్కి చీరలు తెస్తే మొదట ఎంచుకోమనేది. చలికాలం దుప్పటి తీసుకొచ్చి కప్పి వెళ్ళేది. ‘నాకెందుకే’ అనే మాట బేబి నోట రోజుకి పదిసార్లు వింటుంది. ఆ మాట వెనక ఏముంటుందో ఎప్పుడూ అడగలేదు. తీసుకోవడం సుఖంగా ఉండేది. అందుకే అడగలేదేమో. ఇవాళ ఆ సంగతి తల్చుకుంటే సిగ్గేసింది.

“మీరు చెయ్యెత్తినప్పుడు మీ మొహం నేను చూశానత్తయ్యా,” అంది. “సరదాకి వచ్చినవాళ్ళ మొహం అలా ఉండదు. నా మీద ఒట్టేసి చెప్పమనను. ఊరికే నిజం చెప్పండి. మీకు కావాలా, వద్దా?”

బేబి చెరువు వైపు తిరిగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“రోజూ సాయంత్రం ఐదున్నరకి ఈ ఫ్యాక్టరీ బస్సు మన వీధి మీదుగా వెళ్తుంది చూడు. నేను అప్పుడు గుమ్మంలో కూచుని అల్లుతుంటాను. వెలుతురు పోయేలోపు పువ్వు పూర్తి చేద్దామని. ఆ బస్సులో ఆడవాళ్ళు, అందరూ నీలం కోట్లేసుకుని, ఒకరి మాట ఒకరికి వినపడకుండా మాట్లాడుకుంటూ ఉంటారు. ఒక్కోరోజు పాటలు పాడతారు. ఆ బస్సు మలుపు తిరిగేదాకా నా సూది ఆగిపోతుంది.”

రూబీ క్యారేజీ మూత పెట్టేసింది.

“లేసు పని మంచిదే. అది లేకపోతే మీ ఆయన్ని చదివించేవాళ్ళం కాదు. కానీ ఒక్కదాన్నే, రూబీ. దారం, సూది, నేను. ఏజెంటు వచ్చి సంచిలో వేసుకుని పోతాడు. ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో తెలీదు. ఇవాళ ఆ అమ్మాయి నా కట్ట పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, బావుందంది. నా ఎదురుగా అంది. ముప్ఫై ఏళ్ళల్లో నా చేతి పని చూసి నా మొహం మీద ఎవరూ ఆ మాట అనలేదమ్మా.”

వేలికి చుట్టిన కొంగు విప్పేసింది.

“నాకు కావాలి,” అంది. చాలా మెల్లిగా అంది. అని, ఏదో కానిమాట అన్నట్టు చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఈసారి కొంచెం గట్టిగా అంది. “కావాలే రూబీ. ఆ బస్సెక్కాలి నేను.”

రూబీ ఎంగిలి చెయ్యి కడుక్కోవడానికి లేచి, కుళాయి దగ్గర కావలసిన దానికంటే ఎక్కువసేపు నిలబడింది. తిరిగొచ్చి పక్కన కూచుంది.

“నాకూ కావాలత్తయ్యా.”

“తెలుసమ్మా.”

“తెలీదు మీకు. ఆశ కడుపున పడ్డాక పరీక్షలకి వెళ్ళలేకపోయాను. ఏం పర్లేదన్నాను అందరితో. పుస్తకాలు అటక మీద పెట్టేశాను. ఇవాళ ఆ బొమ్మ చూస్తే, ఇది నాకు తెలుసు, నాకు తెలుసు అని లోపల ఎవరో అరిచినట్టయింది. ఇంటిపని కాక నాకు తెలిసిన పని ఇంకోటి ఉందని నేనే మర్చిపోయాను.”

బేబి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరి బుర్రల్లోనూ ఒకటే లెక్క తిరుగుతోంది. ఒకటే గుమ్మం, ఒకటే ఉద్యోగం. ఇద్దరికీ కావాలి. ఒకరు వదులుకుంటే రెండోవాళ్ళు ఆ బస్సులో హాయిగా పాడుకోలేరు.

“ఒక పని చేద్దామండీ,” అంది చివరికి రూబీ. “మీరు నాకివ్వొద్దు, నేను మీకివ్వొద్దు. జాబితాలో ముందు మీ పేరుంది. మీరు చేరండి. అది నా దయ కాదు, మీ వేళ్ళు తెచ్చుకున్నది. నేనేం మొహం ముడుచుకోను. ముడుచుకుంటే ఒక్క వారం. తర్వాత మామూలే.”

“నువ్వు?”

“నా వేళ్ళకి నేర్పండి. మళ్ళీ ఎక్కడో ఇంకో షెడ్డు లేస్తుంది. ఈలోగా పుస్తకాలు దించుకుంటాను. ఆ పరీక్షలు ఇంకా కట్టనిస్తారో లేదో కనుక్కుంటాను.”

బేబి కోడలి గడ్డం పుణికింది. క్యారేజీలు రెండూ తనే సంచిలో సర్దింది. లేచి నిలబడి, “పద,” అంది.

రెండింటికి హరిచందన గదిలో ఇద్దరూ ఆ మాటే చెప్పారు. హరిచందన మొహం విప్పారింది.

“నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలండీ. మూడు వందల మంది కొత్తవాళ్ళు వస్తున్నారు. పక్కన కూచుని చూసి నేర్చుకోవడానికి ఒకళ్ళ చేతులుండాలి కదా. బేబిగారూ, మీ ఆధార్ కార్డివ్వండి. కంప్యూటర్‌లో ఎక్కించేసి ఆర్డరు కాగితం ఇస్తాను.”

బేబి పర్సులోంచి కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చింది. హరిచందన కీబోర్డు మీద కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది.

“మీరు ఫారంలో నలభై నాలుగని రాశారండీ.”

“అవునమ్మా. ఎనభై ఒకటి ఆగస్టులో పుట్టాను.”

“కార్డులో డెబ్బై ఎనిమిది జనవరి ఒకటి అనుంది. దాని ప్రకారం నలభై ఏడు. మా దగ్గర నలభై ఐదు దాటితే తీసుకోరండీ. నేను తీసుకుందామన్నా కంప్యూటర్ ఒప్పుకోదు.”

గదిలో ఏసీ చప్పుడు పెద్దదయినట్టనిపించింది రూబీకి.

“కార్డు కోసం బడి దగ్గర క్యాంపు పెట్టారమ్మా,” అంది బేబి. “అక్కడి కుర్రాడు తారీకు అడిగితే ఆగస్టని తెలుసుగానీ రోజు తెలీదన్నాను. ఏదో వేసేశాడు. ఇప్పటిదాకా దానితో ఎవరికీ పనిపడలేదు.”

హరిచందన చాలాసేపు స్క్రీన్ వైపే చూసింది. ఆ తర్వాత రెండో దరఖాస్తు దగ్గరికి లాక్కుంది. “ఇలా అయితే... రూబీగారూ, మీ పేరు ఎక్కించాలి. మీది ఇరవై నాలుగు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.”

రూబీ తన దరఖాస్తు మీదున్న తన ఫోటో చూసింది. ఇప్పుడు ఏమీ చెయ్యనక్కర్లేదు. ఏమీ మాట్లాడనక్కర్లేదు. తను అడగలేదు, లాక్కోలేదు. కంప్యూటరే ఇస్తోంది. ఇంటికెళ్ళాక అత్తయ్యే మావయ్యగారికి సర్ది చెప్తుంది, ‘నా వయసుకి ఉద్యోగమేంటండీ’ అని నవ్వుతుంది. సోమవారం నుంచి ఆ బస్సులో తను ఉంటుంది. ఐదున్నరకి ఆ బస్సు తమ వీధిలోకి తిరుగుతుంది. గుమ్మంలో సూది ఆగిపోతుంది.

“వయసుకి ఆధార్ ఒక్కటే చూస్తారాండీ?” అంది రూబీ.

హరిచందన తలెత్తింది.

“అంటే, ఇంకేదైనా కాగితం తెస్తే? అప్పట్లో పుట్టినవాళ్ళందరికీ సర్టిఫికెట్లుండవు కదండీ.”

బేబి కోడలి వైపు తిరిగి చూసింది. కోడలు ఆమె వైపు చూడలేదు.

“వేరే కాగితాలూ చూస్తారండీ,” అంది హరిచందన, కొంచెం ఆలోచించి. “పుట్టినప్పటి పాత రికార్డు ఏదైనా సరే. బడి టీసీ, లేకపోతే చర్చి బాప్తిస్మం రిజిస్టరు నకలు. సంఘం ముద్రా సంతకం ఉండాలి. అది చూపించి హెడ్డాఫీసులో నేను మాట్లాడగలను. కానీ సోమవారం సాయంత్రంలోపు నా చేతికి రావాలి. తర్వాత జాబితా మూసేస్తారు. అప్పటిదాకా మీ గుమ్మం ఉద్యోగం ఆపి ఉంచుతాను.”

“తెస్తామండీ,” అంది రూబీ.

వరండాలోకి రాగానే బేబి ఆమె చెయ్యి పట్టుకుంది. “పిచ్చిదానా! చేతికొచ్చింది వదులుకుంటావా? ఎందుకడిగావే?”

“వారం రోజులే మొహం ముడుచుకుంటానన్నాను కదండీ. మీ మొహం జన్మంతా చూడాలి నేను. బడి టీసీ ఉందా?”

“ఆ బడే లేదు. మూసేశారు.”

“బాప్తిస్మం ఎక్కడిచ్చారు మీకు? మొగల్తూరులోనా?”

బేబి సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

“అత్తయ్యా?”

“సామర్లకోటలో.”

“సామర్లకోటేగా! భీమవరంలో రైలెక్కితే నాలుగ్గంటలు. ఆదివారం వెళ్ళొద్దాం. ఆరాధన అయ్యాక పాస్టరుగార్ని అడిగితే ఇచ్చేస్తారు.”

“నేను వెళ్ళను,” అంది బేబి. అంతవరకూ ఉన్న గొంతు కాదది. “ఉద్యోగం నువ్వు చేసుకో రూబీ. నాకు కావాలన్నాను కదా, ఆ మాట చెప్పుకున్నాను, అది చాలు నాకు. సామర్లకోట మాత్రం వెళ్ళను.”

రూబీకి ఏమీ అర్థం కాలేదు. సామర్లకోట మాట ఆ ఇంట్లో ఎప్పుడూ విన్న గుర్తు లేదు. బేబికి పుట్టింటివాళ్ళెవరూ లేరని, మావయ్యగారే అన్నీ అని, పెళ్ళైన కొత్తలో భర్త విజయ్ పాల్ చెప్పాడు. అంతటితో ఆ సంగతి అయిపోయిందనుకుంది.

“మీరు వెళ్ళొద్దు. ఫోన్ చేస్తే నకలు పంపిస్తారేమో. నేను మాట్లాడతాను. మీరు ఒక్క మాట కూడా అనక్కర్లేదు. పూర్తి పేరు చెప్పండి.”

బేబి గేటు వైపు రెండడుగులు వేసి ఆగింది. ఎవరో గట్టిగా పట్టుకున్న తలుపు వదిలినట్టు, ఒక్కసారిగా చెప్పేసింది. “బేబి కమలకుమారి. తండ్రి దానియేలు. స్టేషన్ దగ్గర లూథరన్ చర్చి.”

ఫోన్‌లో వెతికితే చర్చి పేరు, దాని కింద ఒక నెంబరు కనిపించాయి. రూబీ నొక్కి, అత్తగారికి కూడా వినపడేలా స్పీకరు పెట్టింది. నాలుగు సార్లు మోగాక ఎత్తారు.

“సంఘ కార్యదర్శినండి. చెప్పండి.” పెద్దమనిషి గొంతు. తీరిగ్గా, మర్యాదగా ఉంది.

“నమస్కారమండీ. బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు చూడాలండీ. ఎనభై ఒకటో సంవత్సరం. బేబి కమలకుమారి. తండ్రి పేరు దానియేలుగారు.”

అటునుంచి చప్పుడు లేదు. లైను తెగిందేమోనని రూబీ ఫోను చూసుకుంది. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

“మీరెవరండీ?”

“మొగల్తూరు నుంచండీ. ఉద్యోగానికి వయసు కాగితం కావాలి. నకలు ఒకటి ఇప్పిస్తే...”

“ఎవరో పొరబడ్డారమ్మా,” అన్నాడాయన. “బేబి కమలకుమారి మా చెల్లెలు. నా పేరు ఐజాక్. మా చెల్లెలు చనిపోయి ఇరవై ఆరేళ్ళయింది. బాప్తిస్మం రాసుంది, నిజమే. పోయినట్టు కూడా అదే రిజిస్టరులో రాసుంది. మా నాన్నగారు దగ్గరుండి రాయించారు. ఆ పేరు మీద నకలు ఎవరికీ ఇవ్వడానికి లేదు.”

రూబీ పక్కకి తిరిగి చూసింది. పక్కన, తన భుజానికి తగిలేంత దగ్గరగా, చర్చి చీరలో నిలబడ్డ మనిషి వెచ్చగా ఊపిరి తీస్తోంది. ఆ ఊపిరి ఆగింది. తర్వాత వణుకుతూ మళ్ళీ మొదలైంది.

ఒక్క మాట కూడా అననన్న బేబి, కోడలి చేతిలోంచి ఫోను తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుంది.

“అన్నయ్యా,” అంది. “నాన్నగారు రాయిస్తే రాయించారు. నువ్వు కూడా నమ్మావా?”

అవతల కుర్చీ ఏదో గట్టిగా వెనక్కి జరిగింది. ఐజాక్ వెనక, ఇంటి లోపలి నుంచి, బాగా ముసలిదైన ఒక ఆడగొంతు మెల్లిగా దగ్గరికొస్తూ వినిపించింది.

“ఎవర్రా ఫోన్‌లో? అలా నిలబడిపోయావేంటి?”

బేబి చేతిలోంచి ఫోను జారింది. కింద పడకుండా రూబీ పట్టుకుంది. అత్తగారి మొహంలోకి చూసింది.

“అమ్మ,” అంది బేబి. “రూబీ, మా అమ్మే. బతికే ఉంది.”